రేడియోకి కత్తెర పడితే జవాబు చెప్పాల్సిందెవరు?.. రూ.10తో అడిగే దారి ఇదీ

వనస్థలిపురం, ఎన్జీవోస్ కాలనీ, ఎల్బీనగర్.. ఎక్కడున్నా ఎఫ్ఎం రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 ట్యూన్ చేస్తే చాలు. పైసా ఖర్చు లేదు, డేటా అక్కర్లేదు. మరి వీటిలో ఏదైనా కార్యక్రమాన్ని తగ్గిస్తే? ప్రాంతీయ వార్తల్ని వేరే ఊరికి మార్చేస్తే? ఇది హైదరాబాద్ కేంద్రం మూతపడుతోందన్న వార్త కాదు. కానీ కోతలు ఎలా వస్తాయో, ఎవరిని అడగాలో ముందే తెలుసుకోవడం మంచిది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

నిజాం కాలం నాటి డెక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియో చేతికి వచ్చింది. అంత చరిత్ర ఉన్న నగరానికి 2018 డిసెంబర్‌లో ఒక కోత తగిలింది. ఖర్చు తగ్గింపు పేరుతో ఆకాశవాణి నేషనల్ ఛానల్‌తో పాటు ఐదు నగరాల్లోని ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసేయాలని ప్రసార భారతి ఆదేశాలిచ్చింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. మిగతావి అహ్మదాబాద్, లక్నో, షిల్లాంగ్, తిరువనంతపురం. ఈ విషయం జనానికి తెలిసింది 2019 జనవరిలో, అదీ మీడియా కథనాల ద్వారా.

పుణెలో సీన్ రివర్స్

2023 జూన్‌లో పుణె ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగాన్ని మూసేయాలని ఆర్డర్ వచ్చింది. బులెటిన్ల పని ఛత్రపతి శంభాజీనగర్‌కు అప్పగించాలన్నది ప్లాన్. శ్రోతలు, స్థానిక నేతలు గట్టిగా అడిగారు. అంతే.. రోజుల వ్యవధిలోనే కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఆ నిర్ణయాన్ని నిలిపివేసింది. అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఇదే ఉదాహరణ.

ప్రైవేట్ ఎఫ్ఎంలు ఉన్నాయిగా?

పాటలకైతే ఉన్నాయి. వార్తలకు లేవు. మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నది ఉన్నట్టు వేసుకోవడానికి మాత్రమే అనుమతి ఉంది. అంటే ఆకాశవాణి తెలుగు బులెటిన్‌కు కోత పడితే, రేడియోలో ఆ ఖాళీని నింపేవాళ్లే ఉండరు. నెట్ వాడని పెద్దవాళ్లకు, కరెంట్, సిగ్నల్ పోయిన వరదల టైమ్‌లో అందరికీ అది నష్టమే.

డబ్బులు లేవా?

2023 జనవరిలో కేంద్ర కేబినెట్ ఆకాశవాణి, దూరదర్శన్ ఆధునికీకరణకు రూ.2,539.61 కోట్ల 'బైండ్' పథకాన్ని ఆమోదించింది. ఎఫ్ఎం ప్రసారాలను దేశ జనాభాలో 80 శాతానికి పైగా చేర్చడం లక్ష్యం. అదే ఏడాది ఏప్రిల్‌లో 91 కొత్త ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు మొదలయ్యాయి. అయితే టవర్ వేరు, టవర్ మీద వినిపించే గొంతు వేరు. లోకల్‌గా కార్యక్రమాలు తయారు చేసే సిబ్బంది లేకపోతే ఆ టవర్ ఢిల్లీ మాటే వినిపిస్తుంది.

మరి ఎవరు జవాబుదారీ?

ప్రసార భారతి 1990 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ. ఖాతాలను కాగ్ ఆడిట్ చేస్తుంది. వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు వెళ్లాలి. సంస్థ పనితీరును చూసేందుకు 22 మంది ఎంపీలతో కమిటీ ఉండాలని అదే చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది.

మీరేం చేయొచ్చు?

* ఆర్టీఐ: కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో రూ.10 ఫీజుతో ప్రసార భారతికి దరఖాస్తు పెట్టొచ్చు. 'ఎందుకు ఆపారు' అని అడిగితే సరిపోదు. ఆదేశం కాపీ, ఫైల్ నోటింగ్స్, మిగిలే ఖర్చు లెక్కలు, ఖాళీ పోస్టుల వివరాలు కావాలని అడగాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీల్‌కు వెళ్లొచ్చు.

* ఎంపీ: ఎల్బీనగర్ అసెంబ్లీ సెగ్మెంట్ మల్కాజిగిరి లోక్‌సభ పరిధిలోకి వస్తుంది. కాలనీ సంఘాలు తమ ఎంపీకి లెటర్ ఇచ్చి పార్లమెంటులో ప్రశ్న వేయమని కోరొచ్చు. అప్పుడు మంత్రి సమాధానం రికార్డుల్లోకి ఎక్కుతుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మూసేశాక తెరిపించడం కష్టం, మూయకముందు అడగడం తేలిక. పుణె నిలబడింది అడిగినందుకే.