పాట మీకు రాదంటారా?

"పాటలా? నాకు రావండీ" అనే ఇల్లాలిని "మరి కిందటి నెల చీటీ పాడిందెవరు?" అని అడిగి చూడండి. నవ్వేస్తుంది! మన తెలుగులో పాట అంటే గొంతెత్తి పాడేదే కాదు, ధర చెప్పి దక్కించుకునేది కూడానూ.

ఇంట్లో చెప్పిందే చెప్పే మావయ్యగారిది 'పాత పాట'. గారాల కొడుకుది 'ఆడింది ఆట, పాడింది పాట'. సరే, వాటివల్ల మన పర్సుకేం ఢోకా లేదు. డబ్బుతో పాడే పాటే జాగ్రత్తగా పాడాలి.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలోని పూడిమడక తీరానికి పడవలొచ్చే వేళకు వెళ్లండి, చేపల పాట వినిపిస్తుంది. అందరికంటే పైకి పాడినవారిదే సరుకు. గంప నెత్తినెత్తుకుని ఊళ్లో అమ్మితే ఎంతొస్తుందో మనసులో లెక్క కట్టుకున్నాకే నోరు విప్పాలి మరి.

చీటీ పాట దీనికి తలకిందులు. ఎక్కువ పాడినకొద్దీ చేతికొచ్చేది తగ్గుతుంది! మా వెనక వాటాలో ఉండే ఒకావిడ అచ్యుతాపురంలోనే కుట్టుపనికి వెళ్తుంది. నెలకు వెయ్యి చొప్పున 20 మంది వేసిన చీటీ, మొత్తం 20,000. కూతురి కాలేజీ ఫీజు 15,000 కట్టాలని రెండో నెలలోనే పాటకు దిగింది. ఇంకొకావిడ పోటీకొచ్చేసరికి పౌరుషం కొద్దీ 6,000 దాకా పాడేసింది. చేతికొచ్చింది 14,000. తక్కువైన వెయ్యికి మళ్లీ చేబదులు! ఆ 6,000లో నడిపేవారి కమీషన్ 5 శాతం, అంటే వెయ్యి పోగా, మిగతా 5,000 ఇరవై మందికీ తలా 250 తగ్గింపుగా వెళ్లింది. ఈవిడ తొందర అందరికీ కలిసొచ్చిందన్నమాట.

అందుకే పాటకు వెళ్లేముందు చేతికి ఎంత రావాలో కాగితం మీద రాసుకోండి. ఆవిడ 5,000 దగ్గర ఆగాల్సింది. అది దాటితే చీటీ పోతే పోయింది, వచ్చే నెల ఉంది కదా!

ఇంకో మాట. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చీటీకి ప్రభుత్వం ముందస్తు అనుమతి ఉండాలి, ఒప్పందం కాపీ మీ చేతికివ్వాలి. కమీషన్ హద్దు 2019 సవరణతో 5 నుంచి 7 శాతానికి పెరిగింది. "పక్కింటి పిన్నిగారే కదా, కాగితాలెందుకు" అనుకుంటే, ఆవిడ చేతులెత్తేసిన రోజున మునిగేది ఇంకా చీటీ పాడనివాళ్లే.

మా వెనక వాటా ఆవిడ తర్వాతి చీటీకి పదిహేనో నెల దాకా ఆగింది. పోటీకి ఎవరూ రాలేదు. కమీషన్ వెయ్యి పోను 19,000 తెచ్చుకుని, "ఈసారి మెల్లగా పాడాను పిన్నిగారూ" అంది.