మంచు కొండపై మెరుపు పందెం
గెలుపోటముల మధ్య రెప్పపాటే తేడా

ఆస్ట్రియా దేశంలో ఇన్స్‌బ్రుక్ పట్టణం పక్కనే పాట్షర్‌కోఫెల్ అనే కొండ ఉంది. 1976 ఫిబ్రవరి 5న ఆ కొండ వాలు పొడవునా జనం కిక్కిరిసి నిలబడ్డారు. ఆ రోజు శీతాకాల ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ పందెం. 1972 ఒలింపిక్స్ విజేత, స్విట్జర్లాండ్ వాసి బెర్నార్డ్ రుస్సీ అప్పటికే చక్కని సమయంతో కిందికి చేరుకున్నాడు. ఆస్ట్రియా ప్రజల ఆశలన్నీ 22 ఏళ్ల ఫ్రాంజ్ క్లామర్ అనే రైతు బిడ్డ మీదే.

పసుపు దుస్తుల్లో 15వ నంబరుతో క్లామర్ బయలుదేరాడు. దారి మధ్యలో లెక్క చూస్తే రుస్సీ కంటే వెనకబడ్డాడు. తూలుతున్నాడు, చేతులు గాలిలో ఆడుతున్నాయి. పడిపోతాడనే అందరూ అనుకున్నారు. కానీ పడలేదు. 1 నిమిషం 45.73 సెకన్లలో గీత దాటాడు. రుస్సీ కంటే 0.33 సెకను ముందు! ఆ రెప్పపాటే ఆయనకు బంగారు పతకం తెచ్చిపెట్టింది.

పందెం ఎలా సాగుతుంది?

కాళ్లకు పొడవాటి స్కీ పలకలు బిగించుకుని, మంచు వాలు మీద పైనుంచి కిందికి జారడమే ఈ క్రీడ. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల పేరు మీద దీనికి ఆల్పైన్ స్కీయింగ్ అని పేరు వచ్చింది. మామూలు పరుగు పందెంలో మాదిరి అందరూ ఒకేసారి బయలుదేరరు. ఒక్కొక్కరే దిగుతారు. గడియారమే ప్రత్యర్థి. దారిలో పాతిన గుంజల మధ్య ద్వారాలను, అంటే గేట్లను, వరసగా దాటాలి. ఒక్కటి తప్పినా పోటీ నుంచి తప్పుకున్నట్టే.

నాలుగు రకాలు

ఈ పందేలలో ప్రధానమైనవి నాలుగు. అన్నింటిలో వేగమైనది డౌన్‌హిల్. ఒకే పరుగు. గేట్లు దూరం దూరంగా ఉంటాయి. వేగం గంటకు 130 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే ముందు రోజుల్లో అదే దారిలో సాధన చేయనిస్తారు.

రెండవది సూపర్ జీ. ఇదీ ఒకే పరుగే గాని మలుపులు ఎక్కువ. సాధన పరుగు ఉండదు. పొద్దున దారిని పరిశీలించి, మలుపులన్నీ మనసులో పెట్టుకుని దిగాల్సిందే. ఇది 1988లో ఒలింపిక్స్‌లో చేరింది.

మూడవది జెయింట్ స్లాలమ్, నాలుగవది స్లాలమ్. వీటిలో రెండేసి పరుగులు. రెండింటి సమయం కలిపి విజేతను తేలుస్తారు. రెండో పరుగుకు గేట్లు మార్చి పాతుతారు. స్లాలమ్‌లో గేట్లు బాగా దగ్గరగా ఉంటాయి. గుంజలు మొదట్లో వంగే రకం కాబట్టి పోటీదారులు వాటిని కాళ్లతో, చేతులతో తోసుకుంటూ పోతారు. ఇక్కడ వేగం కంటే చురుకుదనమే ముఖ్యం. అమెరికాకు చెందిన మికేలా షిఫ్రిన్ 2025 ఫిబ్రవరిలో ప్రపంచ కప్‌లో నూరవ విజయం సాధించింది స్లాలమ్‌లోనే.

ప్రాణాలతో చెలగాటం

మంచు అంటే దూదిలా మెత్తగా ఉంటుందనుకుంటే పొరపాటు. పందెపు దారిని నీటితో తడిపి రాయిలా గట్టిపరుస్తారు. మెత్తటి మంచయితే నలుగురు దిగేసరికి గుంతలు పడి, వెనక వచ్చేవారికి అన్యాయం జరుగుతుంది. ఆ గట్టిదనమే పడినవారికి ముప్పు. సూపర్ జీలో రెండుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన ఆస్ట్రియా క్రీడాకారిణి ఉల్రికే మాయర్ 1994 జనవరిలో జర్మనీలో డౌన్‌హిల్ పందెంలో పడి కన్నుమూసింది. ఆమెకు చిన్న కూతురు ఉంది. దారి పక్కన వలలు కడుతున్నారు. 2024-25 సీజన్ నుంచి వేగపు పందేలలో దుస్తుల కింద గాలి సంచి కూడా తప్పనిసరి చేశారు. అయినా ప్రమాదం పూర్తిగా పోలేదు.

మన దేశం నుంచి

మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ ఈ క్రీడకు నెలవులు. 1964లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లోనే జెరెమీ బుజకోవ్‌స్కీ భారత్ తరఫున దిగాడు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లింది ఒకే ఒక్క క్రీడాకారుడు. ఆయన గుల్మార్గ్ ప్రాంతానికి చెందిన ఆరిఫ్ ఖాన్. తండ్రికి స్కీ సామగ్రి దుకాణం ఉండడంతో నాలుగేళ్ల వయసులోనే మంచు మీద అడుగు పెట్టాడు. స్లాలమ్‌లో గమ్యం చేరలేకపోయాడు. జెయింట్ స్లాలమ్‌లో మాత్రం ఎందరో దారిలోనే పడిపోయిన రోజున రెండు పరుగులూ పూర్తిచేసి 45వ స్థానంలో నిలిచాడు. పతకం రాలేదు. కానీ ఆ కొండ మీద పడకుండా కిందికి చేరడమే ఎంత కష్టమో ఈ పందెం తెలిసినవారికి తెలుసు.