ఇంటిలోని కంప్యూటర్ల మధ్య ఫైళ్ళ రాకపోకలు

మాకు పరిచయమున్న ఒక కుటుంబమువారి ముందుగదిలో పాత కంప్యూటరు ఒకటి కలదు. ఆ యింటి పెద్దావిడ తన తల్లిచేత పాడించి క్యాసెట్లలో పట్టి ఉంచిన మంగళహారతులు, అప్పగింతల పాటలు, లాలిపాటలు నలుబదికి పైగా అందులో భద్రపరచబడి యున్నవి. క్యాసెట్లు బూజుపట్టి పాడయినవి. ఇక ఆ కంప్యూటరే ఆ పాటలకు ఆధారము. వంటయింటిలో కోడలు వాడుకొను ల్యాప్‌టాప్ నుండి వై-ఫై ద్వారా ఆ పాటలను తెరచి అత్తగారికి వినిపించుట ప్రతి శుక్రవారము ఆ యింట జరుగు పని. ఇటీవల ఆ ల్యాప్‌టాప్ చెడిపోగా కొత్తది కొనిరి. పనిలో పనిగా రౌటరును కూడ మార్చిరి. ఆ తరువాత వచ్చిన మొదటి శుక్రవారమే పాటలు మూగవోయినవి. నెట్‌వర్క్ మార్గము కనబడలేదను ఆంగ్ల వాక్యము తప్ప తెరమీద మరేమియు రాలేదు.

"అత్తయ్యగారి పాటలన్నీ పోయినట్టేనా అండీ?" అని ఆ కోడలు మమ్ము అడిగినది.

పాటలు పోలేదు. అవి ఉన్నచోటనే ఉన్నవి. వాటికి పోవు దారి మాత్రమే మూసికొనిపోయినది. కాని ఆ సరికే ఆమెకు మూడు సలహాలు అందియున్నవి. ఒకరు ఫైర్‌వాల్‌ను తీసివేయుమనిరి. మరియొకరు విండోస్‌లో మూలబడిన పాత పద్ధతి నొకదానిని తిరిగి తెరువుమనిరి. మూడవవారు ముందుగది కంప్యూటరును పూర్తిగా చెరిపి విండోస్‌ను మరల ఎక్కించుమనిరి. ఈ మూడవ సలహాను పాటించియుండినచో పాటలు నిజముగానే పోయెడివి. అందుచేత మేము మొదట చేసినది మరమ్మతు కాదు. ఆ పాటలన్నిటిని ఒక విడి డిస్కులోనికి ప్రతి తీసి, పెద్దావిడ బీరువాలో పెట్టించితిమి. లోపము ఎంత చిన్నదైనను ఈ పని ముందు జరుగవలెనని మా నిశ్చితాభిప్రాయము.

రేడియో పలుకనప్పుడు తెలిసిన మెకానిక్కు వెంటనే లోపలి భాగములను విప్పడు. కరెంటు వచ్చుచున్నదా, ఏరియల్ తీగ తగిలియున్నదా, ముల్లు సరియైన మీటరుపై ఉన్నదా అని వరుసగా చూచును. కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు నడవనప్పుడు కూడ చూడవలసిన వరుస యొకటి కలదు. ఆ వరుస తప్పి నడుమ నుండి చేయిపెట్టినవారే చాల చిక్కులు తెచ్చుకొనుచున్నారు.

ఇందులో జరుగు వ్యవహార మేమో మొదట తెలిసికొనవలెను. ఒక కంప్యూటరు తనలోని ఒక ఫోల్డరును పదిమందికి చూపుటకు సిద్ధపడును. రెండవది దానిని చూపుమని అడుగును. ఈ అడుగుటకును ఇచ్చుటకును ఇరువురకు తెలిసిన ఒక భాష కావలెను. ఆ భాషయే ఎస్.ఎం.బి. 1980ల తొలి సంవత్సరములలో ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ అను నిపుణుడు దీనిని రూపొందించెను. తరువాత మైక్రోసాఫ్ట్ వారు దీనిని స్వీకరించి పెంచిరి. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అను విద్యార్థి ఈ భాషను ఇతర కంప్యూటర్లకును నేర్పు కార్యమునకు 1991-92లో పూనుకొనెను. సాంబా అను పేరుతో ప్రసిద్ధమైన ప్రోగ్రాము అదియే. లినక్స్ కంప్యూటరు ఒకటి విండోస్ కంప్యూటరుతో నేడు ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకొనగలుగుచున్నదన్నచో అది చాలవరకు ఆ కృషి ఫలితమే. ఆపిల్ వారి కంప్యూటర్లు కూడ 2013 నుండి ఫైళ్ళ పంపకమునకు ఈ భాషనే ముందుగా వాడుచున్నవి.

ఇక ఆ యింటి సంగతి. రెండు కంప్యూటర్లును ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నవా అనునది మొదటి ప్రశ్న. ఒకే యింటిలో ఉన్నవి గనుక ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్లే అనుకొనరాదు. కొత్త రౌటర్లు పలువాటిలో ఇంటివారికి ఒక వై-ఫై పేరు, అతిథులకు వేరొక వై-ఫై పేరు ఉండును. అతిథుల వై-ఫైలో చేరినవారికి ఇంటర్నెట్ లభించునే గాని ఇంటిలోని తక్కిన కంప్యూటర్లు సామాన్యముగా కనబడవు. అది లోపము కాదు, ఇంటి మర్యాద. వీధి అరుగుమీద కూర్చున్న వానికి మంచినీళ్ళిత్తుము గాని వంటయింటి తాళపుచెవి ఇయ్యము గదా! ఆ కోడలి ల్యాప్‌టాప్ అతిథుల పేరులోనే చేరియున్నది. ఇంటర్నెట్ చక్కగా వచ్చుచుండుటచేత ఎవరికిని అనుమానము కలుగలేదు. మేడమీద ఒక రౌటరు, క్రింద ఒక రౌటరు పెట్టుకొన్న యిండ్లలోను ఇట్టి చిక్కే వచ్చుట కలదు. రెండవ రౌటరు తనదైన వేరొక నెట్‌వర్క్‌ను నిర్మించుకొని కూర్చుండును.

దీనిని కనిపెట్టుటకు సులభమైన గుర్తు కలదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఐపీకాన్ఫిగ్ అను మాటను ఆంగ్లాక్షరములలో కలిపి వ్రాసినచో ఆ కంప్యూటరు చిరునామా నాలుగు సంఖ్యలుగా కనబడును. ఇండ్లలో అది తరచుగా 192.168 తో మొదలగును. ఇట్టి సంఖ్యలను లోపలి వాడుకకై ప్రత్యేకించుచు 1996లో ఏర్పాటు జరిగినది. సాధారణముగా ఇంటి రౌటరులో మొదటి మూడు సంఖ్యలు రెండు కంప్యూటర్లకును ఒకటిగా ఉండవలెను. మూడవ సంఖ్య ఒకదానిలో 1, మరియొకదానిలో 50 అని ఉన్నచో అవి రెండు వేరు వీధులలో ఉన్నట్లు. చిరునామా 169.254 తో మొదలైనచో ఆ కంప్యూటరునకు రౌటరు నుండి చిరునామాయే అందలేదని అర్థము; అప్పుడు తీగను, వై-ఫైని, రౌటరును చూడవలెను గాని ఫోల్డరు జోలికి పోరాదు.

చిరునామాలు సరిపడిన పిమ్మట ఒకదాని నుండి మరియొకదానిని పిలిచి చూడవచ్చును. ఈ పిలుపునకు పింగ్ అని పేరు. అమెరికాలో మైక్ మూస్ 1983 డిసెంబరులో ఈ చిన్న ప్రోగ్రామును వ్రాసెను. జలాంతర్గాములను వెదకుటకు నీటిలోనికి పంపు ధ్వనిని, దాని ప్రతిధ్వనిని తలచి ఆయన దానికి ఆ పేరు పెట్టెను. ప్రతిధ్వని వచ్చినచో దారి యున్నది. రానంత మాత్రమున దారి లేదని చెప్పరాదు. ఫైర్‌వాల్ ఆ పిలుపునకు బదులీయకుండ ఆపియుండవచ్చును.

తరువాతిది పేరు. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో నెట్‌వర్క్ అను చోట ముందుగది కంప్యూటరు పేరు కనబడకపోవుటచేత అది అందుబాటులో లేదని చాలమంది నిశ్చయించుకొందురు. ఇది పొరపాటు. ఆ జాబితా వేరు, దారి వేరు. టెలిఫోను పుస్తకములో పేరు లేనంత మాత్రమున ఆ యింట టెలిఫోను లేదనగలమా? పైనున్న చిరునామా పట్టీలో వెనుకకు వాలిన గీతలు రెండు వేసి, వాటి ప్రక్కన ఆ నాలుగు సంఖ్యలను వ్రాసి ఎంటర్ నొక్కవలెను. ఫోల్డర్లు తెరచుకొన్నచో దారి చక్కగా ఉన్నది, పేరు పలుకుటలోనే లోపము. అప్పుడు పాట లున్న కంప్యూటరులో ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అను సర్వీసు నడుచుచున్నదా అని చూడవలెను. ఆ కంప్యూటరు తన ఉనికిని చాటుకొనునది దానివలననే. కంప్యూటరు పేరు పదునైదు అక్షరములకు మించక, ఖాళీలు లేక, ఆంగ్లములో ఉండుట మేలు.

ల్యాప్‌టాప్‌ను ఇంటివారి వై-ఫైలో చేర్చిన పిమ్మట కూడ ఆ యింట పాటలు వినబడలేదు. ఇచ్చట రౌటరు మార్చిన సంగతి గుర్తుకు తెచ్చుకొనవలెను. విండోస్ కొత్త నెట్‌వర్క్‌ను చూచినప్పుడు దానిని రైల్వే స్టేషను వంటి పరాయి చోటుగా భావించి పబ్లిక్ అను తరగతిలో పెట్టుట కలదు. ఆ తరగతిలో ఫైళ్ళ పంపకమునకు తలుపులు మూసియుండును. పాటలున్న కంప్యూటరులో సెట్టింగులు తెరచి ఆ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీని, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ను ప్రైవేట్ తరగతికి మాత్రమే అనుమతించితిమి. ఫైర్‌వాల్‌ను తీసివేయ నవసరము కలుగలేదు. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లుండును ఆ పని.

పాత పద్ధతిని తిరిగి తెరువుమన్న రెండవ సలహాను గూర్చి కొంత వివరముగా చెప్పవలసి యున్నది. ఎస్.ఎం.బి. భాషలో తరములు కలవు. మొదటి తరము రక్షణ విషయమున బహు బలహీనమైనది. 2017 మే 12న వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఈ మొదటి తరమును విండోస్‌లో అమలుపరచిన తీరునందలి లోపమును పట్టుకొని, కంప్యూటరు నుండి కంప్యూటరునకు తనంతట తానే ప్రాకి, 150 దేశములలో ఫైళ్ళకు తాళములు వేసి డబ్బు అడిగినది. బ్రిటన్‌లో ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేసికొనవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడినవి. విచారకరమైన విషయ మేమనగా, ఆ లోపమునకు సవరణను మైక్రోసాఫ్ట్ వారు అంతకు రెండు నెలల ముందే మార్చి 14న విడుదల చేసియుండిరి, వేసికొననివారు నష్టపడిరి. ఆ సంవత్సరాంతమున వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి, కొత్తగా ఎక్కించిన కంప్యూటర్లలో మొదటి తరమును సామాన్యముగా చేర్చుట మానివేసిరి. అందుచేత పాత టెలివిజను పెట్టెలు, పాత రౌటర్లకు తగిలించిన డిస్కులు కొన్ని కొత్త కంప్యూటర్లకు కనబడుట మానినవి. అట్టి పరికరము ఇంట నున్నచో, దానికొరకు కంప్యూటరును బలహీనపరచుటకంటె అందులోని ఫైళ్ళను బయటికి తీసి దానికి విశ్రాంతి నిచ్చుట మంచిదని మేము చెప్పుదుము.

ఆ యింటి కంప్యూటరు విండోస్ 10 గలది. దానికి మొదటి తరముతో పనియే లేదు. అయితే విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, దాని సంగతియు త్వరలో ఆలోచించుకొనుమని ఆ యింటివారికి చెప్పితిమి.

తలుపు తెరచుకొనగానే ల్యాప్‌టాప్ పేరును, పాస్‌వర్డును అడిగినది. కోడలు నిరుత్సాహపడినది గాని మేము సంతోషించితిమి. పాస్‌వర్డు అడుగుచున్నదన్నచో తీగ, చిరునామా, తలుపు అన్నియు బాగున్నవన్నమాట. ఆమె ముందుగది కంప్యూటరును తెరచుటకు వాడు నాలుగంకెల పిన్‌ను వ్రాసెను, అది తిరస్కరించినది. పిన్ అనునది ఆ కంప్యూటరు ఎదుట కూర్చున్నవారికే పనికివచ్చును, దూరమునుండి చెల్లదు. పాస్‌వర్డు లేని ఖాతాకు కూడ విండోస్ దూరమునుండి ప్రవేశ మీయదు. పాటలున్న కంప్యూటరులో ఈ పనికై ఒక ప్రత్యేక ఖాతాను తెరచి, దానికి మంచి పాస్‌వర్డు పెట్టి, దానినే ల్యాప్‌టాప్‌లో వ్రాయుట ఉత్తమము. ఎన్నిసార్లు సరిగా వ్రాసినను నిరాకరించుచున్నచో, ల్యాప్‌టాప్ పూర్వపు పేరును గుర్తుంచుకొని దానినే పంపుచుండవచ్చును. క్రెడెన్షియల్ మేనేజరులో ఆ పాత పేరును తొలగింపవలెను. పేరు చెప్పకుండ అతిథిగా లోపలికి పోవు పూర్వపు అలవాటు ఇక సాగదు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 కూర్పు ప్రో రకములో అట్టి ప్రవేశమును మొదటి నుండియే నిరాకరించుచున్నది.

చివరిది అనుమతి. ఇచ్చట రెండు తాళములున్నవి. ఫోల్డరును పంచుకొనునప్పుడు ఇచ్చు అనుమతి ఒకటి, డిస్కుమీద ఆ ఫోల్డరునకుండు అనుమతి వేరొకటి. రెండింటిలో కఠినమైనదే చెల్లును. ఒకదానిని సడలించి రెండవదానిని మరచినవారి స్థితి తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని అన్నదానికి సరిగా తలక్రిందులు.

ఈ అనుమతి విషయమున ఆ యింటివారు లోగడ ఒక దెబ్బ తినియున్నారు. పాత ల్యాప్‌టాప్‌లో చోటు చాలలేదని మనుమడు ఒకనాడు రెండు లాలిపాటలను చెరిపివేసెను. అవి ల్యాప్‌టాప్‌లోని ప్రతులే యని అతడు తలచెను. కాని తెరమీద కనబడినవి ముందుగదిలోని అసలు పాటలు. నెట్‌వర్క్ మీదుగా చెరిపిన ఫైలు సామాన్యముగా ఏ కంప్యూటరులోని రీసైకిల్ బిన్‌లోనికిని పోదు, తిన్నగా పోవును. ఆ రెండు పాటలును ఆ విధముగానే పోయినవి. వాటిలో ఒకదాని పల్లవి పెద్దావిడకు నోటికి వచ్చునట గాని చరణములు రావు. ప్రతి ఒక్కరికిని చదువుటకును వ్రాయుటకును హక్కు ఇచ్చియుండుటయే దీనికి కారణము. మేము కొత్త ఖాతాకు చదువు అనుమతి మాత్రమే ఇచ్చితిమి. పాటలు వినుటకు అది చాలును. కొత్త పాట చేర్చవలసినచో ముందుగదికి పోయి చేర్చుకొందురు.

సాయంకాలమునకు పాటలు వంటయింట వినబడినవి. మూడవ హారతి తరువాత తమలపాకులు సర్దుకొనుచు పెద్దావిడ కొంతసేపు ఆపుమనెను. అరగంటకు మరల తెరువబోగా కనబడలేదు. కోడలు మా వంక చూచినది. మేము లేచి ముందుగదిలోనికి పోయి చూడగా ఆ కంప్యూటరు నిద్రపోవుచున్నది. అరగంట ఎవరును తాకకున్నచో నిద్రించునట్లు అమర్చియుండిరి. ఆ అమరికను మార్చి, నాలుగవ హారతి మొదలైన పిమ్మట సెలవు తీసికొంటిమి.