రంది పోయాకే బతుకా?

మిర్చి ధర పడిపోయిన ఏడు మేళ్లచెరువు వైపు ఒక రైతును ఊహించుకుందాం. పురుగు మందుల షాపులో బాకీ, బ్యాంకులో బాకీ. ఫోను మోగితే గుండె దడ. అందుకని ఫోను ఆపేశాడు, ఆ పూటకు నిమ్మళం. అప్పిచ్చినాయన ఎదురుపడతాడని హుజూర్‌నగర్ పోవడం మానేశాడు. మేనకోడలి పెళ్లికి పోలేదు. శివరాత్రికి ఊరంతా శంభులింగేశ్వరుడి జాతరలో ఉంటే తను వెనక గదిలో పడుకున్నాడు. మానేసిన ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంది. ఆ హాయే ఇంకొకటి మానేయడం నేర్పింది. ఏడాది తిరిగేసరికి అప్పు తగ్గలేదు గానీ, బతుకు ఆ గదికి కుదించుకుపోయింది.

అప్పు బాధ నిజమే. కానీ దాని మీద ఇంకో బాధ వచ్చి కూర్చుంది. దడ రాకుండా, సిగ్గు తగలకుండా, ఆ ఆలోచనే పుట్టకుండా తప్పించుకు తిరగడం వల్ల వచ్చిన బాధ అది. దీని మీద పనిచేసేదే అంగీకార నిబద్ధతా చికిత్స. వృత్తిలో ఉన్నవాళ్లు ఇంగ్లీషు పేరును కుదించి ‘యాక్ట్’ అంటారు.

దీనికి మూలపురుషుడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ హేస్. 1978లో ఆయన కుర్ర అధ్యాపకుడు. తన విభాగం సమావేశంలో పెద్ద ప్రొఫెసర్లు పోట్లాడుకుంటుంటే మాట్లాడబోయి గొంతు పెగల్లేదు. పానిక్ అటాక్. దాన్ని రానివ్వకూడదని ఎంత పెనుగులాడితే అంత ఎక్కువైందని ఆయనే పలుమార్లు చెప్పుకున్నారు. ఆ అనుభవానికి ప్రయోగశాల పనిని జోడించి, కర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్‌లతో కలిసి 1999లో ఈ చికిత్స మీద తొలి పుస్తకం వేశారు.

ఈ చికిత్సలో మొదటి సగం అంగీకారం. ‘నేను పనికిరానివాణ్ణి’ అన్న ఆలోచనతో వాదన పెట్టుకోరు. అది నిజమా అబద్ధమా అని తేల్చరు. ‘నేను పనికిరానివాణ్ణి అనే ఆలోచన నాకు ఇప్పుడు వస్తోంది’ అని పైకి చెప్పమంటారు. ఇంకో అభ్యాసం చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. గుచ్చుకునే మాటను అరనిమిషం పాటు గబగబా పలకమంటారు. ‘అప్పు, అప్పు, అప్పు, అప్పు’ అని అంటూ పోతే కాసేపటికి ఆ మాట ఉత్త చప్పుడైపోతుంది. ఒకే మాటను పదేపదే పలికితే అర్థం కరిగిపోతుందని టిచెనర్ అనే శాస్త్రవేత్త వందేళ్ల కిందటే రాశాడు. బాకీ ఎక్కడికీ పోదు, కానీ ఆ మాటకు మనిషిని గదిలోకి నెట్టే బలం కాస్త తగ్గుతుంది.

రెండో సగం నిబద్ధత. ‘ఈ దడ లేకపోతే ఏం చేసేవాడివి?’ అని అడుగుతారు. చెల్లెలి ఇంటికి పోయేవాణ్ణి, బిడ్డ చదువు సంగతి పట్టించుకునేవాణ్ణి అంటాడు. సరే, దడ పోయేదాకా ఆగకుండా, దడతోనే ఈ వారం చెల్లెలి ఇంటికి పోదామా అంటారు. కర్మ అనుకుని ఊరుకోమనడం కాదిది. బ్యాంకు నోటీసునో, కూలి ఎగ్గొట్టిన మేస్త్రీనో ‘అంగీకరించు’ అని ఎవరైనా చెబితే వాళ్లకు యాక్ట్ తెలియదనే నా అభిప్రాయం. అంగీకరించాల్సింది లోపల లేచే దడను. బయటి అన్యాయం మీద కొట్లాడాల్సిందే.

పనిచేస్తుందా? 2015లో 39 ప్రయోగాలను కలిపి లెక్కచూసిన విశ్లేషణలో, ఏ చికిత్సా అందనివాళ్ల కంటే యాక్ట్ తీసుకున్నవాళ్లు మెరుగయ్యారు. ఆలోచనల తీరునూ నడవడినీ మార్చే పాతకాపు చికిత్స సీబీటీతో పోలిస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మంచి సీబీటీ నిపుణుడు దగ్గర్లో దొరికితే యాక్ట్ కోసం దూరం పరుగెత్తే పని లేదు. దీనికి గట్టి ఆధారాలున్న చోటు దీర్ఘకాలిక నొప్పి. ఇంగ్లండు ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్, 2021లో, వేరే జబ్బుతో వివరించలేని దీర్ఘకాలిక నొప్పికి పరిశీలించదగ్గ చికిత్సల్లో దీన్నీ చేర్చింది. ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగిసిన మనుషులున్న మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాలను ఎరిగినవాళ్లకు దీర్ఘకాలిక నొప్పి మాట ఎందుకు ముఖ్యమో చెప్పనక్కర్లేదు. మంచినీళ్లు వచ్చినా వంగిన ఎముక తిరిగి నిలవదు. నొప్పితోనే బతుకు సాగాలి.

ఇక చికిత్సకుణ్ణి వెతకడం. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ‘యాక్ట్ సర్టిఫికెట్’ కోసం చూడటం. ఈ రంగానికి అంతర్జాతీయ సంఘం ఉంది. 2005లో పుట్టిన ఆ సంఘమే చికిత్సకులకు ధ్రువపత్రం ఇవ్వదు. రెండురోజుల వర్క్‌షాపు కాగితం గోడకు తగిలించుకోవడం ఎవరికైనా తేలికే. ముందు చూడాల్సింది మూల చదువు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో చెప్పింది. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన సంస్థలో పర్యవేక్షణతో కూడిన శిక్షణ అందులో కీలకం. వాళ్లకు మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. అడగడంలో తప్పులేదు, ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. మందులు రాసేది సైకియాట్రిస్టు. వట్టి ‘కౌన్సెలర్’ అన్న బోర్డు చూసి చదువు సంగతి తేల్చలేం.

నంబరు సరిపోయాక ఫోనులోనే కొన్ని సంగతులు కనుక్కోండి. యాక్ట్ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మీరు చూసే కేసుల మీద మీకు సలహా ఇచ్చే సీనియర్ ఉన్నారా, కూర్చున్నప్పుడు ఏం చేయిస్తారు అని. ‘మాట్లాడుకుందాం, ధైర్యం చెబుతా’ అంటే అది వేరే పని. అభ్యాసాలుంటాయి, వారానికో చిన్న పని ఇస్తాను, మీకేది ముఖ్యమో ముందు తెలుసుకుంటాను అంటే దారిలో ఉన్నట్టే. అన్నిటికన్నా నేను పట్టుబట్టేది భాష. రంది, గాబరా, నిమ్మళం అనే మనిషి మాటను మధ్యలో తర్జుమా చేసుకునే నిపుణుడి దగ్గర ఈ అభ్యాసాలు సగమే పనిచేస్తాయి. వాటి పనంతా మాటలతోనే కదా.

మేళ్లచెరువు లాంటి మండల కేంద్రం నుంచి చూస్తే సూర్యాపేట మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఒక మెట్టు, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఇంకో మెట్టు. అంతకుముందు మొదటి మెట్టు టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సర్కారు ఫోను సేవ నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. అవసరమైతే ఎక్కడికి పోవాలో చెబుతారు. దడ, నీరసం ఒంటి జబ్బు వల్లా రావచ్చు కాబట్టి, అవి ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ చేయించాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం చికిత్సకుణ్ణి ఎంచుకుంటూ కూర్చోకూడదు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి, ఇంట్లోని పురుగు మందు డబ్బాలు వేరే ఇంటికి చేర్చాలి.

నిపుణుడే దొరక్కపోతే? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రశ్నతోనే యాక్ట్‌ను అయిదు వారాల రికార్డింగుగా, బొమ్మల పుస్తకంగా మలిచింది. ఉగాండాలో తలదాచుకున్న దక్షిణ సూడాన్ మహిళలకు, పాతిక ముప్ఫై మంది గుంపుల్లో, వాళ్ల జూబా అరబిక్‌లోనే వినిపించారు. నడిపించింది డాక్టర్లు కాదు, కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు స్త్రీలు. 694 మందితో జరిగిన ఆ ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు సాయం మాత్రమే అందినవాళ్ల కంటే వీళ్ల మనోవేదన కొంత ఎక్కువగా తగ్గింది. మన మహిళా సంఘాల సమావేశాలకూ ఈ పద్ధతి సరిగ్గా సరిపోతుందని నాకనిపిస్తుంది.

వీడియో కాల్‌లో చికిత్స తీసుకునేవాళ్లకు ఒక చిక్కుంది. రెండు గదుల ఇంట్లో ఒంటరిగా మాట్లాడే చోటుండదు. చేను దగ్గరికో, ఆగి ఉన్న ఆటోలోకో పోయి మాట్లాడతానని ముందే చెబితే మంచి చికిత్సకుడు దానికి తగ్గట్టు వేళ సర్దుతాడు. నాలుగైదుసార్లు కలిశాక కూడా తన మాట వినిపించుకుంటున్నట్టు అనిపించకపోతే ఆ సంగతి నేరుగా చెప్పొచ్చు, ఇంకొకర్ని చూపించమనీ అడగొచ్చు.