నాచు సారం: నిజమెంత, నమ్మకమెంత

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు సముద్రమంటే రెండే చోట్లు. రెండ్రోజుల సెలవు దొరికితే దీఘా, సొంతూరు వెళ్ళినప్పుడు విశాఖ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి వర్క్‌షాపులోనూ లోకో షెడ్డులోనూ పనికి కుదిరినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఇక్కడున్నారు. ఈ మధ్య వాళ్ళ ఫోన్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి తీసిన సారం థైరాయిడ్‌కీ, షుగరుకీ, కీళ్ళనొప్పులకీ, చివరికి క్యాన్సర్‌కీ పనిచేస్తుందట. 1951 నుంచి ఐఐటీ ఉన్న ఊరు కదా, "సైన్సు తేల్చింది" అంటే ఇక్కడ ఇట్టే నమ్ముతారు. సైన్సు నిజంగా ఏం తేల్చిందో చూడాలి.

అపోహ: నాచంతా ఒకటే. దీఘా ఒడ్డున కూడా ఏరుకోవచ్చు.

దీఘాది ఇసుక, బురద కలిసిన తీరం. హుగ్లీ, సువర్ణరేఖ నదులు తెచ్చే ఒండ్రుతో అక్కడి నీళ్ళు ఎప్పుడూ మసకగానే ఉంటాయి. గోధుమ నాచుకు వేళ్ళుండవు. అడుగున ఉండే పట్టుతో రాతిని కరుచుకుని బతుకుతుంది. రాయి లేని చోట నిలవలేదు. అదే విశాఖ, భీమిలి వైపు రాళ్ళ మీద సర్గాసమ్, పాడినా వంటివి పెరుగుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఉమామహేశ్వరరావు, శ్రీరాములు విశాఖ తీరపు నాచుల మీద చేసిన అధ్యయనం 1964లోనే అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది.

ఇంకో సంగతి. గోధుమ నాచు అసలు మొక్కల వంశానికి చెందింది కాదు, దానికి దగ్గరి చుట్టాలు డయాటమ్‌లు. ఫ్యూకోజాంతిన్ అనే రంగు పదార్థం పచ్చదనాన్ని కప్పేయడం వల్ల గోధుమ రంగులో కనిపిస్తుంది. మనం స్వీట్లలో వాడే చైనా గ్రాస్ ఎర్ర నాచు నుంచి వస్తుంది. ఒకదాని గుణం ఇంకోదానికి అంటగట్టకూడదు.

అపోహ: బాగా మరిగిస్తే సారమంతా దిగుతుంది.

కషాయం కాచే అలవాటున్న మనకు ఇది సహజంగా తోచే ఆలోచనే. కానీ నాచులో సారం ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అవన్నీ ఒకే ద్రవంలో దిగవు, ఒకే వేడిని తట్టుకోవు. అందుకని ప్రయోగశాలలో వరస పాటిస్తారు. ముందు మంచినీళ్ళతో ఇసుక, ఉప్పు పోయేలా కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తారు. ఆ పొడిని ఆల్కహాల్‌లో నానబెడితే ఫ్యూకోజాంతిన్, ఫినాల్ జాతి పదార్థాలు, మానిటాల్ అనే చక్కెర అందులోకి వస్తాయి. మిగిలిన పిప్పిని వేడినీళ్ళలోగాని పలచని ఆమ్లంలోగాని ఉంచితే ఫ్యూకోయిడాన్, లామినారిన్ అనే పొడవైన గొలుసు చక్కెరలు దిగుతాయి. వాటితోపాటు వచ్చిన కొద్దిపాటి ఆల్జినేట్‌ను కాల్షియం క్లోరైడ్ కలిపి గడ్డ కట్టించి తీసేస్తారు. తేట నీటిలో మళ్ళీ ఆల్కహాల్ పోస్తే ఫ్యూకోయిడాన్ తెల్లగా పేరుకుంటుంది. చివర మిగిలిన పిప్పిని సోడియం కార్బొనేట్‌తో వేడి చేస్తే ఆల్జినేట్ జిగురుగా బయటికొస్తుంది.

ఇందులో ఏ మెట్టు దగ్గర అతి చేసినా నష్టమే. ఫ్యూకోజాంతిన్‌కు వెలుతురు, వేడి, గాలి మూడూ పడవు. ఫ్యూకోయిడాన్‌ను ఆమ్లంలో ఎక్కువసేపు మరిగిస్తే దాని పొడవైన గొలుసు తెగుతుంది, దానికి అంటుకున్న సల్ఫేట్లు రాలిపోతాయి. దాని గుణంలో ఎక్కువ భాగం ఆ సల్ఫేట్లదే. అందుకే ఇప్పుడు శబ్ద తరంగాలు, మైక్రోవేవ్, ఎంజైములు, అధిక పీడనంలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్ వంటి పద్ధతులు వాడి తక్కువ వేడితో, తక్కువ సమయంలో పని ముగించాలని చూస్తున్నారు. నాచు జాతి, కోసిన నెల, పెరిగిన చోటు మారినా సారం మారుతుంది. కాబట్టి "నాచు సారం 500 మి.గ్రా." అని మాత్రమే రాసిన సీసా మనకు చెప్పిందేమీ లేదు. ఏ జాతి నాచు, ఏ పదార్థం, ఎంత శాతం అన్నవి ఉండాలి.

అపోహ: థైరాయిడ్ ఉన్నవాళ్ళు నాచు తింటే నయమవుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఇదే. ఈ అపోహకు మూలం నిజంలోనే ఉంది. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కూర్త్వా నాచు బూడిదతో పనిచేస్తుండగా అయోడిన్ బయటపడింది. అయోడిన్ లోపంతో వచ్చే గొంతువాపుకు అయోడినే మందు. అయితే మనం రోజూ వాడే ఉప్పులో అయోడిన్ కలిపే ఉంది. వినియోగదారుడికి చేరేసరికి గ్రాము ఉప్పులో కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలన్నది మన దేశంలో నిబంధన. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. కొంబు జాతి గోధుమ నాచులో ఒక్క గ్రాము పొడిలోనే వెయ్యి మైక్రోగ్రాములు దాటవచ్చు.

అయోడిన్ మరీ ఎక్కువైతే థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారీని ఆపేస్తుంది. వుల్ఫ్, చైకాఫ్ అనే శాస్త్రవేత్తలు 1948లో దీన్ని చూపించారు. ఆరోగ్యవంతుల్లో గ్రంథి కొద్దిరోజుల్లో కోలుకుంటుంది. హషిమోటో అనే థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్ళలో కోలుకోకపోవచ్చు. మన ఆడవాళ్ళలో చాలామందికి ఉండే థైరాయిడ్ లోపం వెనక అయోడిన్ కొరత కంటే ఈ జబ్బే తరచుగా ఉంటుంది. కొందరిలో గ్రంథి అదుపు తప్పి, గుండెదడ కూడా రావచ్చు. కొంబు కలిపిన సోయాపాలు తాగి జనం థైరాయిడ్ జబ్బు పాలైతే ఆస్ట్రేలియాలో 2009లో ఆ పాలను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. డాక్టరు రాసిన థైరాక్సిన్ మాత్ర ఆపి నాచు మాత్ర మొదలుపెట్టమని ఎవరు చెప్పినా వినకండి. గర్భిణులైతే మరీ జాగ్రత్త.

అపోహ: సహజమైనది, హాని చేయదు.

నాచు తన చుట్టూ ఉన్న నీళ్ళలో ఏముంటే దాన్ని పీల్చుకుంటుంది, ఆర్సెనిక్‌తో సహా. సర్గాసమ్ కుటుంబానికే చెందిన హిజికి నాచులో విషపూరితమైన ఆర్సెనిక్ రూపం ఎక్కువగా ఉందని, దాన్ని తినవద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2004లో హెచ్చరించింది. ఓడరేవులు, కర్మాగారాల పక్కన ఏరిన నాచు సంగతి వేరే చెప్పాలా?

అపోహ: క్యాన్సర్ కణాలను చంపుతుందని రుజువైంది.

గాజు పళ్ళెంలో కణాల మీద ఫ్యూకోయిడాన్ పోస్తే కొన్ని చచ్చాయన్నది నిజమే. పళ్ళెంలో కణాలను చంపే పదార్థాలు లెక్కలేనన్ని. ఫ్యూకోయిడాన్ పెద్ద అణువు, నోటితో మింగితే రక్తంలోకి చేరేది కొద్దిగానే. 1913లో స్వీడన్‌కు చెందిన కైలిన్ దాన్ని మొదటిసారి వేరుచేశాడు. ఇన్నేళ్ళయినా అది క్యాన్సర్ మందుగా నిలబడలేదు. పైగా దానికి హెపారిన్‌లా రక్తాన్ని పలచన చేసే గుణం ఉంది. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వంటి మందులు వాడేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. క్యాన్సర్‌కు కాకపోయినా, గోధుమ నాచు నుంచి తీసిన ఒక పదార్థాన్ని మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కు మందుగా చైనా 2019లో అనుమతించింది, అదీ షరతులతో. దాని ఆధారాల మీద శాస్త్రవేత్తలు గట్టి ప్రశ్నలే వేశారు.

అపోహ: ప్రభుత్వ సంస్థ తయారుచేసింది, కాబట్టి అది మందే.

కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ నాచు సారాలతో 'కడల్మీన్' పేరుతో ఉత్పత్తులు రూపొందించిన మాట వాస్తవం. అది గౌరవించాల్సిన కృషి. కానీ అవి న్యూట్రాస్యూటికల్స్, అంటే ఆహారానికి తోడుగా తీసుకునేవి. ఈ కోవలోకి వచ్చే ఏ సీసా మీదైనా "వైద్య అవసరాలకు కాదు" అన్న మాట ఉండాలని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. కొనేముందు ఆ చిన్న అక్షరాలు చదవండి.

నిజానికి గోధుమ నాచు ఇచ్చిన గొప్ప వరం ఎవరూ ఫార్వర్డ్ చేయని ఆల్జినేట్. 1880లలో స్టాన్‌ఫర్డ్ అనే రసాయనవేత్త దాన్ని వెలికితీశాడు. పంటి డాక్టరు అచ్చు తీసే ముద్దలో, గాయాల మీద వేసే పట్టీల్లో, ఐస్‌క్రీమ్‌లో, బట్టల మీద రంగులద్దే పనిలో అది ఉంటుంది. అద్భుతాలేమీ చెప్పుకోదు, చెప్పిన పని చేస్తుంది.

అపోహ: సముద్రంలో ఊరికే పెరుగుతుంది, ఎంత కోసినా తరగదు.

మన దేశంలో వాడే గోధుమ నాచు ప్రధానంగా మన్నార్ సింధుశాఖలో సహజంగా పెరిగిందే. సాగు చేసేది ఎక్కువగా ఎర్ర నాచు. సర్గాసమ్ గుబురుల్లో చేపపిల్లలు, రొయ్యపిల్లలు తలదాచుకుంటాయి. అడుగు పట్టు రాతికి వదిలేసి పైభాగం మాత్రమే కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. పట్టుతో సహా పీకేస్తే ఆ రాతి మీద మళ్ళీ పుట్టడానికి సమయం పడుతుంది. రామేశ్వరం వైపు నాచు ఏరే మత్స్యకార మహిళలకు ఈ సంగతి బాగా తెలుసు. నెలలో కొన్ని రోజులే సముద్రంలోకి దిగాలని వాళ్ళు తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు.