జంషెడ్‌పూర్ చలికాలానికి పాత డీజిల్ పికప్: రెండు బండ్లలో ఏది మేలు?

జంషెడ్‌పూర్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో సరకు రవాణా చేసేవారి పని తెల్లవారకముందే మొదలవుతుంది. పటమదా పొలాల కూరగాయలైనా, పరసూడీహ్ మార్కెట్ యార్డు నుంచి వచ్చే ఉల్లి, బంగాళాదుంపలైనా పొద్దు పొడిచేసరికి సాక్చీ, బిష్టుపూర్, కద్మా బజార్లకు చేరాలి. ఆ వేళకు బండి కదలకపోతే ఆ రోజు బేరం పోయినట్టే. అప్పు తీసుకుని కొన్న బండి అయితే బేరం పోయినా నెల వాయిదా మాత్రం ఆగదు.

అందుకే పాత పికప్ కొనేవారికి చలికాలంలో ఎదురయ్యే ప్రశ్న చిన్నదేమీ కాదు. ఉదాహరణకు ఒక చిరు వ్యాపారి ముందు ధరలో పెద్ద తేడా లేని రెండు డీజిల్ పికప్‌లు ఉన్నాయనుకుందాం. మొదటిది 2018 నాటి బీఎస్‌-4 బండి. జేహెచ్‌-05 నంబరుతో స్థానికంగానే తిరిగింది, ఒక్క యజమాని చేతిలోనే ఉంది. రెండోది 2021 నాటి బీఎస్‌-6 బండి. వయసు తక్కువే అయినా తిరిగిన దూరం ఎక్కువ, పైగా మరో రాష్ట్రం నుంచి వచ్చింది. వీటిలో ఏది కొనాలన్నది బండి వయసును బట్టి గాని, కంపెనీ పేరును బట్టి గాని తేలదు. బండి రోజూ తిరగబోయే దారి, చల్లటి ఇంజిన్ ప్రవర్తన, కాగితాల స్థితి ఈ మూడూ కలిసి తేల్చాలి.

ఇక్కడి చలికి డీజిల్ గడ్డకట్టదు

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. ఉష్ణోగ్రత బాగా పడిపోతే ఆ మైనం పలుకులు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. లద్దాఖ్‌లో ఇది ఏటా వచ్చే సమస్య. అందుకే ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ వరకు ప్రవహించే ప్రత్యేక శీతకాలపు డీజిల్‌ను 2019 నవంబరులో అక్కడ ప్రవేశపెట్టింది.

జంషెడ్‌పూర్ పరిస్థితి వేరు. సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల నడుమ ఉన్న ఈ నగరంలో శీతకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణంగా 10 డిగ్రీల పరిసరాల్లో ఉంటాయి. శీతల గాలులు వీచిన రోజుల్లో మరికొంత తగ్గుతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం శీతకాలంలో అమ్మే డీజిల్ 3 డిగ్రీల వద్ద కూడా ప్రవహించే స్థితిలో ఉండాలి. కాబట్టి బంకులో పోయించుకున్న మామూలు డీజిల్ ఇక్కడి చలికి సరిపోతుంది.

చలికి తట్టుకుంటుందని ట్యాంకులో కిరోసిన్ కలపమనే సలహా పాత డ్రైవర్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. జంషెడ్‌పూర్‌లో ఆ అవసరం లేదు. పైగా అది హానికరం. కామన్ రైల్ ఇంజిన్లలో అధిక పీడనంతో పనిచేసే పంపుకు, ఇంజెక్టర్లకు డీజిలే కందెన. కిరోసిన్ కలిస్తే ఆ జిడ్డు తగ్గి భాగాలు త్వరగా అరుగుతాయి. అమ్మే వ్యక్తి తాను చలికాలంలో కిరోసిన్ కలిపేవాడినని చెబితే, ఆ బండి ఇంజెక్టర్లను పరీక్ష చేయించకుండా బేరం ముందుకు తీసుకెళ్లకూడదు.

చల్లటి ఇంజిన్ దాచలేని నిజాలు

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ బలంగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పిస్టన్ రింగులు, వాల్వులు అరిగిపోతే గాలి పక్కలకు జారిపోయి ఆ వేడి చాలదు. వేసవిలో ఈ లోపం బయటపడదు. చలి ఉదయం మాత్రం వెంటనే బయటపడుతుంది.

ఈ కారణంగా పాత డీజిల్ బండి కొనేవారికి చలికాలం నిజానికి అనుకూలమైన కాలం. ఖర్చు లేకుండా దొరికే పరీక్ష అది. అయితే ఆ పరీక్ష తెల్లవారుజామునే జరగాలి. కొనుగోలుదారు వచ్చేసరికే ఇంజిన్‌ను వేడి చేసి ఉంచడం అమ్మకందారులలో కొందరికి అలవాటు. కాబట్టి ముందు బోనెట్ తెరిచి ఇంజిన్‌పై చేయి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మర్నాడు వస్తామని చెప్పి వెనుదిరగడమే మంచిది.

తాళం తిప్పాక గ్లో ప్లగ్ దీపం ఆరేవరకు ఆగి సెల్ఫ్ కొట్టాలి. పది డిగ్రీల చలిలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కొద్ది క్షణాల్లోనే అందుకుంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరిగితే బ్యాటరీని గాని, సెల్ఫ్ మోటారును గాని అనుమానించాలి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే గ్లో ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ లోపాల్లో ఏదో ఒకటి ఉన్నట్టు. బ్యాటరీ, గ్లో ప్లగ్‌ల ఖర్చు భరించదగినదే. కంప్రెషన్ పడిపోతే మాత్రం ఇంజిన్ విప్పాల్సిందే. మెకానిక్ చేత కంప్రెషన్ పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు ఆ నష్టం ముందు చాలా తక్కువ.

పొగ రంగు కూడా కొంత చెబుతుంది. స్టార్ట్ చేసిన వెంటనే కొద్దిగా తెల్లపొగ వచ్చి ఆగిపోతే చింత లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ పూర్తిగా మండడం లేదనో, కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందనో అర్థం. నీలిపొగ ఇంజిన్ ఆయిల్ మండుతోందనడానికి గుర్తు. నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, టర్బో, ఇంజెక్టర్లను చూడాలి.

చాలామంది గమనించని మరో భాగం థర్మోస్టాట్. అది తెరుచుకున్న స్థితిలోనే ఇరుక్కుపోతే చలికాలంలో ఇంజిన్ తగినంత వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు నడిపినా ఉష్ణోగ్రత ముల్లు అడుగునే ఉంటే ఈ లోపాన్ని అనుమానించాలి. బీఎస్‌-6 బండిలో దీని పర్యవసానం మరింత పెద్దది.

బీఎస్‌-4, బీఎస్‌-6: అసలు తేడా

దేశమంతటా బీఎస్‌-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్‌-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ మార్పుతో డీజిల్‌లో గంధకం పరిమితి కిలోకు 50 మిల్లీగ్రాముల నుంచి 10 మిల్లీగ్రాములకు తగ్గింది. ఇప్పుడు బంకుల్లో దొరికే డీజిల్‌ను పాత బీఎస్‌-4 బండి కూడా ఇబ్బంది లేకుండా వాడుకుంటుంది.

బీఎస్‌-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచేందుకు పార్టిక్యులేట్ ఫిల్టర్ అమర్చుతారు. పట్టిన మసిని ఆ ఫిల్టర్ ఎప్పటికప్పుడు కాల్చుకోవాలి. అందుకు ఫిల్టర్ లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి, బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. జాతీయ రహదారిపై ఇది డ్రైవరుకు తెలియకుండానే జరిగిపోతుంది. కద్మా నుంచి సోనారీకి, అక్కడి నుంచి సాక్చీకి నాలుగైదు కిలోమీటర్ల చొప్పున ఆగి ఆగి తిరిగే బండికి ఆ అవకాశం తక్కువ. చలికాలంలో ఇంజిన్ ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి ఇంకా తక్కువ.

మసిని కాల్చే ప్రయత్నం పదేపదే మధ్యలో ఆగిపోతే, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందువల్ల రెండో బండి బేరానికి వెళ్లినప్పుడు ఆయిల్ పుల్లను తప్పక తీసి చూడాలి. ఆయిల్ పై గీతను దాటి ఉండి, డీజిల్ వాసన వేస్తుంటే ఆ బండి ఫిల్టర్ సమస్యతో తిరుగుతోందనే అనుకోవాలి. డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపాలు తాళం తిప్పగానే ఒకసారి వెలిగి ఆరుతున్నాయో లేదో కూడా గమనించాలి. అసలు వెలగని దీపాన్ని ఎవరో ఉద్దేశపూర్వకంగా తొలగించి ఉండవచ్చు.

ఖర్చు తప్పించుకోవడానికి ఫిల్టర్‌నే తీసేసి ఖాళీ గొట్టం బిగించిన బండ్లూ మార్కెట్లోకి వస్తుంటాయి. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని ఇలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. ఫిట్‌నెస్ పరీక్షలో ఆ భారం కొత్త యజమాని మీదే పడుతుంది.

పొగమంచులో ప్రాణాలు కాపాడేవి

స్టార్ట్ కావడం ఒక ఎత్తయితే, పొగమంచులో క్షేమంగా గమ్యం చేరడం మరో ఎత్తు. రాంచీ వైపు, ఘాట్‌శిల మీదుగా బహరాగోడా వైపు వెళ్లే రహదారులపై తెల్లవారుజామున భారీ లారీల మధ్యే పికప్‌లు నడవాలి. ముందు బండి కనబడేలోపే బ్రేకు వేయాల్సిన పరిస్థితి రావచ్చు.

టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. మంచుకు తడిసిన రోడ్డుపై తిరిగే బండికి అంతకన్నా ఎక్కువే ఉండటం మంచిది. పికప్ వెనక భాగం ఖాళీగా ఉన్నప్పుడు తేలికగా ఉంటుంది. వెనక చక్రాలకే ఇంజిన్ బలం అందే ఈ బండ్లు తడి రోడ్డుపై సరకు లేకుండా వెళ్లేటప్పుడు జారే ప్రమాదం ఎక్కువ. కాబట్టి పరీక్షకు బండిని ఖాళీగా ఒకసారి, కొంత బరువుతో ఒకసారి నడిపి చూడాలి. బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగకూడదు.

హెడ్‌లైట్ల అద్దాలు పసుపుబారి ఉంటే పొగమంచులో వెలుగు చాలదు. వైపర్లు, అద్దంపై ఆవిరిని పోగొట్టే బ్లోయర్, వెనక దీపాలు, వెనక అంచున ప్రతిఫలించే టేపులు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. పొగమంచులో వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు మొదట కనిపించేవి ఆ దీపాలు, టేపులే.

కమాన్ కట్టల్లో పగుళ్లు, ఛాసిస్‌పై కొత్తగా వేసిన వెల్డింగు కనిపిస్తే ఆ బండి మోయగలిగినదానికన్నా ఎక్కువ మోసిందని గ్రహించాలి. అధిక బరువుకు ప్రస్తుత చట్టం ప్రకారం 20 వేల రూపాయలు, అదనపు టన్నుకు మరో 2 వేల చొప్పున జరిమానా ఉంటుంది. తన సరకు బరువు ఎంతో, ఆర్‌సీలో అనుమతించిన బరువు ఎంతో వ్యాపారి ముందే సరిచూసుకోవాలి.

టాటా నగరంలో టాటా బండేనా?

జంషెడ్‌పూర్‌లో 1945లో టెల్కోగా మొదలై, 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీలో అడుగుపెట్టిన సంస్థే నేటి టాటా మోటార్స్. ఊరి బండి అన్న అభిమానంతో టాటా పికప్ వైపు మొగ్గేవారు ఇక్కడ ఉండటం సహజం. అయితే ఈ నగరంలోని కర్మాగారం ప్రధానంగా మధ్యతరహా, భారీ వాహనాలది. టాటా యోధా అయినా, మహీంద్రా బొలెరో పికప్ అయినా పాత బండిగా చేతులు మారేటప్పుడు మునుపటి యజమాని వాడిన తీరే దాని విలువను నిర్ణయిస్తుంది. ఆ మోడల్‌ను బాగా ఎరిగిన మెకానిక్ దగ్గరలో ఉన్నాడా, విడిభాగాలు అదే రోజు దొరుకుతాయా అన్నవే కంపెనీ పేరు కన్నా ముఖ్యం.

కాగితాల దగ్గర తొందర వద్దు

రెండో బండి మరో రాష్ట్రానిది కాబట్టి అక్కడి రవాణా అధికారి ఇచ్చిన ఎన్‌ఓసీ తప్పనిసరి. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు ఉండటంతో అక్కడివి ఇతర రాష్ట్రాలకు తరలివస్తుంటాయి. అలాంటి బండి చవకగా దొరికినా, జార్ఖండ్‌లో తిరిగి నమోదు చేయించడానికి, పన్ను కట్టడానికి అయ్యే మొత్తాన్ని ధరకు కలిపి చూసుకోవాలి.

ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బండిపై ఉన్నవాటితో పోల్చాలి. అప్పు తీరిందని ఫైనాన్స్ సంస్థ ఇచ్చే పత్రం, ఫారం 35 అందాకే పూర్తి సొమ్ము చెల్లించాలి. పెండింగు చలాన్లు, బీమా, ఫిట్‌నెస్ గడువును ఎంపరివాహన్ యాప్‌లో చూడవచ్చు. సరకు రవాణా బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మొదటి బండి కొనేవారు ఈ ఏటేటా ఖర్చును, పనికి సెలవు పెట్టాల్సిన రోజులను లెక్కలోకి తీసుకోవాలి.

లైసెన్సు విషయంలో చిరు వ్యాపారులకు ఊరట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పునిచ్చింది. పికప్‌లు ఈ పరిధిలోకే వస్తాయి.

చివరకు ఏది?

రోజూ నగరంలోనే చిన్న చిన్న దూరాలు తిరిగే వ్యాపారికి, చల్లటి ఉదయాన ఒక్క సెల్ఫ్‌కే అందుకునే మొదటి బండి నమ్మదగినది. అందులో మసి ఫిల్టర్ బెడద సాధారణంగా ఉండదు, చరిత్ర స్థానికంగానే విచారించుకోవచ్చు. అయితే అది ఎక్కువ పొగ వదులుతుంది. దాని వయసు పెరిగేకొద్దీ నిబంధనలు బిగుసుకునే అవకాశమూ ఉంది.

వారంలో ఎక్కువ రోజులు రాంచీకో, బహరాగోడాకో సరకు వేసేవారికి రెండోది మేలు. తిరిగిన దూరం ఎక్కువే అయినా అది రహదారిపై తిరిగిన దూరమైతే ఇంజిన్‌కు అంత చెరుపు కాదు. ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకుంటుంది. ఇంకా ఎక్కువ ఏళ్లు చట్టబద్ధంగా తిప్పుకోవచ్చు. అయితే ఎన్‌ఓసీ, ఫారం 35, ఫిల్టర్ ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ లెక్క తలకిందులవుతుంది.

తెల్లవారుజామున చల్లటి ఇంజిన్‌తో పరీక్షించడానికి అమ్మకందారు ఒప్పుకోకపోతే, ఆ రెండింటిలో ఏదైనా సరే వదులుకోవడమే ఉత్తమం. జంషెడ్‌పూర్ చలి మంచి బండిని ఆపేంత తీవ్రమైనది కాదు. ఆ చలికే మొండికేసిన బండి మరమ్మతు ఖర్చు కొన్నవారి నెత్తినే పడుతుంది.