ఇంజను అందం కడ్డీల్లో ఉంది

గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి నల్లమల ఎక్కే రైలుమార్గం మీటర్ గేజ్‌గా ఉన్న కాలంలో ఆవిరి ఇంజన్లను చూసినవాళ్లు ఇప్పటికీ వాటి అందం గురించి చెబుతారు. వాటి తర్వాత వచ్చిన డీజిల్ ఇంజను గురించి అలా ఎవరూ చెప్పరు, ఎందుకని ఓ విద్యార్థి క్లాసులో అడిగాడు. పొగ, కూత అని చాలామంది అంటారు. నేను చక్రాల పక్కన ఆడే కడ్డీలను చూపిస్తాను.

చక్రాలను తిప్పే పిస్టన్ ఆడాలంటే ఆవిరి దానికి ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు రావాలి. దారి తెరిచి మూసేది వాల్వ్. పిస్టన్ చివరికి చేరకముందే అది కాస్త తెరుచుకోవాలి. ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కువసేపు తెరిచి ఉండాలి. చదును నేల మీద త్వరగా మూసుకుంటే లోపలి ఆవిరే వ్యాకోచించి పిస్టన్‌ను నెడుతుంది, బొగ్గూ నీళ్లూ ఆదా అవుతాయి. పైగా ఇంజను వెనక్కీ నడవాలి.

ఇన్ని పనులకూ 1844లో బెల్జియం రైల్వే ఫోర్‌మన్ ఎజీడ్ వాల్‌షార్ట్స్ ఒక్క అమరికతో జవాబిచ్చాడు. మన మీటర్ గేజ్ వైపీ, వైజీ ఇంజన్లకూ అదే ఉంది. చక్రం పిన్ను చివర ఒక చిన్న క్రాంకు వంపు లింకును ఊపుతుంది. పిస్టన్‌తో కదిలే క్రాస్‌హెడ్ ఇంకో కడ్డీని లాగుతుంది. ఈ రెండు కదలికలూ కలిసి వాల్వ్‌ను నడుపుతాయి. డ్రైవర్ రివర్సర్ తిప్పితే లింకులోని దిమ్మ జరుగుతుంది: ఒక సగంలో ఉంటే ముందుకు, మరో సగంలో ఉంటే వెనక్కి. మధ్యకు చేరువయ్యేకొద్దీ వాల్వ్ త్వరగా మూసుకుంటుంది. ఆ తేడా చెవికీ తెలుస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఉఫ్‌లు. ఘాట్‌లో గట్టిగా, చదునులో మెత్తగా.

వాల్‌షార్ట్స్ అమరికకు పోటీ 1842 నాటి స్టీఫెన్‌సన్ అమరిక. అదీ తెలివైనదే, కానీ చాలా ఇంజన్లలో చక్రాల మధ్య దాగి ఉండేది. నూనె పోయాలంటే మనిషి కిందికి దూరాలి. వాల్‌షార్ట్స్‌ది పక్కనే, చేతికందేలా ఉంటుంది. జర్మనీలో హాయిజింగర్ అనే ఇంజనీరు 1849లో సొంతంగా ఇదే కనిపెట్టాడు. అక్కడ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

1938లో గంటకు 203 కిలోమీటర్లు పరుగెత్తిన బ్రిటన్ మల్లార్డ్ ఇంజనుకు గాలి అడ్డు తగ్గించడానికి పక్కలను రేకులతో కప్పారు. మరమ్మతుకు అడ్డమని యుద్ధకాలంలో చక్రాల మీది రేకులు తీసేశారు. నా కళ్లకు తీసేశాకే అది అందంగా ఉంది.

మన నల్లమల మార్గంలో ఆవిరి తర్వాత డీజిల్ వచ్చింది, 1990లలో అది బ్రాడ్ గేజ్ అయింది, ఇప్పుడు కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి. అవి గట్టివి, శుభ్రమైనవి. కానీ వాటి పని పెట్టెలో మూసి ఉంది. పని చేసే భాగం తన పనిని కళ్లకు చూపినప్పుడే యంత్రం అందంగా ఉంటుందని నా తీర్పు. ఎక్కడైనా పాత ఆవిరి ఇంజను కనిపిస్తే పక్కన నిలబడి ఆ చిన్న క్రాంకు నుంచి వాల్వ్ వరకు ఒక్కో కడ్డీని కంటితో వెతుక్కుంటూ వెళ్లండి.